ఆ పిల్లవాడికి పాట ఏది?

వీధిలో ఆడవేషంతో కనిపిస్తే అరెస్టు. బహిరంగ స్థలంలో ఆడినా, పాడినా, నలుగురి వినోదంలో పాలు పంచుకున్నా అరెస్టు. వారెంటు అక్కర్లేదు, రెండేళ్ల వరకు జైలు. పదహారేళ్లలోపు మగపిల్లవాడు అలాంటి వారి ఇంట్లో ఉంటే అది మరో నేరం. 1919లో నిజాం రాజ్యంలో చేసిన నపుంసకుల చట్టం సారాంశం ఇది. పోలీసులు పేర్లతో రిజిస్టరు పెట్టి, ఆ పేర్లున్న వాళ్లను ఇలా వెంటాడవచ్చని అది అధికారమిచ్చింది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. చట్టం మాత్రం కదల్లేదు. వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో కోర్టుకెక్కితే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డిల ధర్మాసనం అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

ఆ చట్టం హిజ్రాలను గురిపెట్టి చేసింది. మగపిల్లవాణ్ని ప్రేమించే మగపిల్లవాడి సంగతి వేరు. ఆ తేడా తెలియకుండా అందరినీ ఒకే గాటన కట్టడం మన సమాజానికి అలవాటు కాబట్టి ఆ మాట ముందే చెబుతున్నాం. అయినా ఆ చట్టంతోనే మొదలుపెట్టడానికి కారణముంది. ఆడటం, పాడటం నేరమని రాజ్యం రాసి పెట్టుకున్న చోట రాజ్యానికి అసలు భయం దేన్ని చూసో తెలుస్తుంది. అలాంటి వాళ్ల కథ నలుగురి మధ్యలో పాటై వినిపిస్తే, వినేవాళ్లు ఆ మనిషిని మనిషిగా గుర్తుపడతారు. చట్టం ఆపదలచుకున్నది ఆ గుర్తింపునే. చట్టం పోయినా ఆ నిషేధం మన రంగస్థలం మీద ఇంకా అమల్లోనే ఉంది. ఈ సంపాదకీయం అభియోగం అదే.

ఆ నిషేధాన్ని ఊరి నేల మీద నిలబడి చూద్దాం. ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం సరిహద్దు ఊరు. ఒకనాడు నిజాం ఏలుబడిలోని మధిర తాలూకా అంచు. రైలు పట్టాల వెంట కొంతదూరం పోతే కొండపల్లి, అక్కడి నుంచి ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా. ఈ రోజుకీ ఇటు తెలంగాణ, అటు ఆంధ్రప్రదేశ్. పక్కనే జమలాపురం వెంకన్న గుడికి రెండు రాష్ట్రాల భక్తులూ వస్తారు. ఈ నేలకు దక్షిణంగా, కృష్ణ దిగువన కూచిపూడి ఉంది. ఈశాన్యంగా, అడవి మొదలయ్యే చోట భద్రాచలం ఉంది. రెంటినీ కలిపేది ఒక్క పేరు. భద్రాచల రామదాసుగా పేరొందిన నేలకొండపల్లి గోపన్నను గోల్కొండ చెరలో పెట్టిన తానీషాయే 1678లో కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. ఆ చెరలో నుంచి కీర్తనలు పుట్టాయి. ఆ అగ్రహారంలో మగవాళ్లు సత్యభామ అయ్యారు.

సిద్ధేంద్రయోగి భామాకలాపం నుంచి వేదాంతం సత్యనారాయణ శర్మ దాకా మగవాడు స్త్రీ హృదయాన్ని ధరించి, జడ ముందుకు వేసుకుని, విరహాన్ని పలికించడం మన నాట్యానికి పరాకాష్ఠ. శర్మకు 1970లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందే, 1956లో, స్థానం నరసింహారావుకు ఇచ్చారు. ఆయన సత్యభామను, రోషనారాను చూడటానికి ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చాయి. ఆ మహానటుల వ్యక్తిగత జీవితాలకూ ఈ చర్చకూ ఏ సంబంధమూ లేదు. వేషం వేసినంత మాత్రాన ఎవరూ ఏదీ అయిపోరు. మేం అడిగేది ప్రేక్షకుల గురించి. మగవాడు కృష్ణుడి కోసం కన్నీరు పెట్టుకుంటుంటే మూడు వందల ఏళ్లు రెప్ప వేయకుండా చూసిన సమాజం, వేషం లేకుండా, తన పేరుతోనే, తన పక్క బెంచీ కుర్రాడి కోసం గొంతు పూడుకుపోయే పదహారేళ్ల పిల్లవాణ్ని ఒక్క రాత్రి కూడా చూడలేనంటుందా?

అలాంటి పిల్లవాడు లేడనే వాదన చెల్లదు. ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. ఎర్రుపాలెం స్టేషన్లో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి మధిరకో ఖమ్మానికో బెజవాడకో చదువుకు పోయే ఇంటర్ కుర్రాళ్ల గుంపులో ఉన్నాడు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పది మంచాల మధ్య ఒక మంచం అతనిది. అతనికి తెలిసిన మాటలు కొన్నే. నడక కాస్త మెత్తగా ఉంటే ‘ఆడంగి’ అంటారు. ఇంకాస్త ధైర్యమొస్తే ‘కొజ్జా’ అంటారు. సినిమా నేర్పిన ‘తేడాగాడు’ సరేసరి. తనను తాను పిలుచుకోవడానికి ఒక్క మర్యాదైన మాట కూడా అతనికి మాతృభాష ఇవ్వలేదు. విద్యార్థిని అతని లైంగిక మొగ్గును పట్టుకుని వేధించడం ర్యాగింగే అవుతుందని యూజీసీ 2016లో తన నిబంధనల్లో చేర్చింది. అది డిగ్రీ స్థాయి నుంచే వర్తిస్తుంది. ఇంటర్ పిల్లవాడికి, అంటే అతి లేత వయసులో అతి ఇరుకు గదిలో ఉన్నవాడికి, ఆ నీడ లేదు. 2022లో ఫరీదాబాద్‌లో ఇలాంటి వేధింపులు పడి పదో తరగతి విద్యార్థి ప్రాణం తీసుకున్నాడు. అతని తల్లి న్యాయం కోసం గొంతెత్తాల్సి వచ్చింది. బిడ్డ బతికుండగానే తల్లికి ఆ గొంతు ఇవ్వగలిగేవి రెండే ఉన్నాయని మా నమ్మకం. ఒకటి బడి, రెండోది నాటకం.

నాటకం ఏం చేయగలదో ఇంగ్లండులోని షెఫీల్డ్ చూపించింది. అది ఉక్కు కార్మికుల పట్నం, లండన్ లాంటి మహానగరం కాదు. 2017 ఫిబ్రవరిలో అక్కడి క్రూసిబుల్ థియేటర్లో ‘ఎవ్రీబడీస్ టాకింగ్ అబౌట్ జేమీ’ అనే సంగీత నాటకం మొదలైంది. పదహారేళ్ల గే కుర్రాడు బడి చివరి విందుకు తనకిష్టమైన దుస్తులతో వెళ్లాలనుకోవడమే కథ. తండ్రి మొహం తిప్పుకుంటాడు, టీచరు అడ్డుపడుతుంది, తల్లి నిలబడుతుంది. ఆ ఏడాది నవంబరుకు నాటకం లండన్ వెస్ట్ ఎండ్‌కు చేరింది, 2020లో కొరియా భాషలో సియోల్‌కు వెళ్లింది. కొరియా సంప్రదాయ కుటుంబ సమాజమేనని, పెద్దల మాటకు ఎదురు చెప్పని నేల అని మన పాఠకులకు తెలుసు. ‘పాశ్చాత్యుల గొడవ’ అని తోసిపుచ్చేవాళ్లు దీన్ని గమనించాలి. ఇంకొక విషయం కూడా గమనించాలి. 1988 నుంచి 2003 దాకా ఇంగ్లండులో సెక్షన్ 28 అనే నిబంధన అమల్లో ఉంది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ప్రోత్సహించరాదన్న ఆ నిబంధనకు జడిసి టీచర్లు నోరు కుట్టుకున్నారు. దాన్ని రద్దు చేసిన పద్నాలుగేళ్లకు ఆ నాటకం పుట్టింది. చట్టం పోయినా పాట రావడానికి కాలం పడుతుంది. కాలం దానంతటది ఆ పని చేయదు, పూనుకునే మనుషులు కావాలి.

మన దేశం కూడా ఖాళీగా లేదు. విజయ్ తెండూల్కర్ ‘మిత్రాచీ గోష్ట’ను 1981లోనే మరాఠీ వేదిక మీద పెట్టారు. ఒక అమ్మాయి మరొక అమ్మాయిని ప్రేమించిన కథను, రోహిణీ హట్టంగడి నటించగా, మరాఠీ మధ్యతరగతి కూర్చుని చూసింది. చేతన్ దాతార్ ‘ఏక్ మాధవ్ బాగ్’లో కొడుకు రాసుకున్న మాటలు చదివి వాడి నిజం తెలుసుకున్న తల్లి ఒక్కతే మాట్లాడుతుంది. మోనా అంబేగావ్కర్ ఆ తల్లిగా ఎన్నో ఊళ్లు తిరిగారు. మహేశ్ దత్తానీ 1998లో ఇంగ్లీషులో ఇదే ఇతివృత్తంతో నాటకం రాశారు. కన్నడంలో వసుధేంద్ర 2013లో ‘మోహనస్వామి’ కథలు వెలువరించి, రచయితగా తన నిజాన్నీ దాచకుండా చెప్పారు. మరాఠీ, కన్నడం మన ఇరుగుపొరుగు. వాళ్ల ఇంట్లో దీపం వెలిగి ఇన్నేళ్లయితే మన గడప మీద చీకటి ఎందుకుంది? పరిషత్తుల మీదుగా ఊళ్లు తిరిగే తెలుగు నాటకంలో ఆ పిల్లవాడు కథానాయకుడు కాలేదు. అతను కనిపించింది హాస్యపు ముక్కలోనే. చేతులు తిప్పుతూ వచ్చి, నవ్వించి, తన్నులు తిని వెళ్లిపోయాడు. తెలుగు సినిమా అదే ముక్కను దశాబ్దాల పాటు కాపీ చేసింది. 2018లో వచ్చిన ‘అ!’ లాంటి ఒకటీ అరా చిత్రాల్ని చూపించి ఆ పాపం కడుక్కోలేదు.

2018 మన దేశంలో రెండు వలస చట్టాల సంకెళ్లు తెగిన సంవత్సరం. నాటకాలను ఆపడానికి ఇంగ్లీషు పాలకులు చేసిన 1876 నాటి ప్రదర్శనల చట్టం ఆ ఏడాది మొదట్లో రద్దయింది. సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య స్వలింగ ప్రేమను 377వ సెక్షన్ కింద నేరంగా చూడటం చెల్లదని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తీర్పులో జస్టిస్ నారిమన్ రాసిన భాగాన్ని మన పాలకులు చదవాలి. టీవీ, రేడియో, పత్రికల ద్వారా ఈ తీర్పుకు విస్తృత ప్రచారం కల్పించాలని, మచ్చ చెరిపే కార్యక్రమాలు నడపాలని, అధికారులకు, ముఖ్యంగా పోలీసులకు, క్రమం తప్పకుండా అవగాహన కల్పించాలని ఆయన కేంద్రాన్ని ఆదేశించారు. దేశ అత్యున్నత న్యాయస్థానం ఆదేశమది. దాని సారాన్ని తెలుగులో, ప్రభుత్వ ప్రకటనగా ఎర్రుపాలెం బస్టాండులో ఎవరు చూశారు? ఖమ్మం జిల్లాలో ఏ స్టేషన్ కానిస్టేబులుకు ఎవరు పాఠం చెప్పారు? పొగాకు మానమని, పన్ను కట్టమని, పోలియో చుక్కలు వేయించమని కళాజాతాలతో ఊరూరా పాటలు పాడించే ప్రభుత్వాలకు కళ ఎంత బలమైనదో తెలియక కాదు. ఈ విషయానికి వచ్చేసరికి కళాకారులకు డప్పు ఇవ్వలేదు. ఇది మరచిపోవడం అనలేం. తెలిసి వదిలేశారు.

వదిలేయడం ఒక్కటే అయితే ఇంత కటువుగా రాయాల్సిన పని లేదు. ముందుకు వేసిన అడుగును వెనక్కి లాగిన సందర్భం కూడా ఉంది. ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎలా కలుపుకుపోవాలో టీచర్లకు చెప్పే కరదీపికను ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తయారు చేసింది. బాలల హక్కుల కమిషన్ దగ్గరకు ఫిర్యాదు వెళ్లగానే ఆ పుస్తకం వెబ్‌సైటు నుంచి మాయమైంది. పిల్లల కోసం ఏర్పడిన సంస్థ వాళ్లలోకెల్లా ఒంటరి పిల్లల పక్కన నిలబడలేకపోయింది. ఒక్క ఫిర్యాదుకు ఒక జాతీయ సంస్థ వెనక్కి తగ్గిందంటే, మండల కేంద్రంలో ఒక హెడ్‌మాస్టరు ధైర్యం చేస్తాడని ఎలా ఆశిస్తాం? పూర్వోదాహరణ అంటే ఇదే. పైన ఒకరు తలవంచితే కింద వందల మంది వంగుతారు.

ఇంకొక పూర్వోదాహరణ కూడా మన మధ్యే ఉంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వందేళ్ల నాటి ‘చింతామణి’ నాటక ప్రదర్శనను నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం చాలాకాలంగా వేదన చెప్పుకుంది. ఆ వేదన నిజమైనదే. కానీ నిషేధం సరైన మందు కాదని మా అభిప్రాయం. ‘మా భూమి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించినప్పుడు ఆ నాటకం పక్షాన నిలిచిన ప్రజానాట్యమండలి వారసత్వమున్న జిల్లాలో నిలబడి వేరే మాట చెప్పలేం. పాత నాటకానికి జవాబు కొత్త నాటకమే. అయితే ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. వేదిక మీద అవమానం జరిగిందని ఒక వర్గం చెబితే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేంత దూరం వెళ్లింది. అంతకంటే దారుణమైన అవమానం, అంతకంటే ఎక్కువ కాలం, గే పిల్లల మీద జరిగింది. వాళ్లకు సంఘం లేదు, ఓటు వయసు కూడా రాలేదు, ఫిర్యాదు చేయాలంటే ముందు తమ పేరు బయటపెట్టుకోవాలి. వాళ్ల తరఫున ఎవరూ ఉత్తర్వు అడగలేదు, మేమూ అడగడం లేదు. వాళ్ల తరఫున ఒక నాటకం అడుగుతున్నాం.

పిల్లలకు ఇవన్నీ ఎందుకని బాధ్యత గల పాఠకులు అడుగుతారు. ఆ ప్రశ్నను మేం తేలిగ్గా తీసుకోం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది, దాని కాఠిన్యం అవసరమే. మేం కోరే నాటకంలో ఆ హద్దు దాటే అవసరం ఎక్కడా లేదు. ఒక పిల్లవాడు తన మనసును తాను గుర్తించడం, భయపడటం, ఒకరికి చెప్పగలగడం, ఇంత వరకే ఆ వయసు కథ. దాన్ని చెప్పకుండా దాచితే ఏం జరుగుతుందో ఆలోచించాలి. తనకు ఒక పేరుందని, తాను ఒక్కడే కాదని తెలియని కుర్రాడు అర్ధరాత్రి ఫోన్లో ముఖం తెలియని మనిషిని నమ్ముతాడు. ఆ మనిషి ఫోటోలు అడుగుతాడు, తర్వాత డబ్బు అడుగుతాడు, ఇంట్లో చెబుతానంటాడు. ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఆ బెదిరింపుకు బలమెక్కడిది? మౌనం పిల్లవాణ్ని కాపాడదు, వేటగాడికి అప్పగిస్తుంది. తెలిసిన తల్లిదండ్రులు కొందరు భయంతో ‘మార్పించడానికి’ డాక్టర్ల దగ్గరికో, బాబాల దగ్గరికో తీసుకెళతారు. స్వలింగాకర్షణ జబ్బు కాదని భారత మనోవైద్యుల సంఘం 2018లో తేల్చి చెప్పింది. మార్చుతామనే చికిత్స వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. జబ్బే లేని బిడ్డకు వైద్యం చేయించడం కోసం పొలం తాకట్టు పెట్టే తండ్రి ఏ ఊళ్లో ఉన్నా, ఆ మాటను అతనికి అర్థమయ్యే తెలుగులో చేర్చకపోవడం మనందరి తప్పు.

ఇక్కడ మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఆనంద్ వెంకటేశ్‌ను తలచుకోవాలి. ఇద్దరు యువతుల కేసు 2021లో తన ముందుకు వచ్చినప్పుడు, తనకూ పాత అభిప్రాయాలున్నాయని ఆయన దాచుకోలేదు. మానసిక నిపుణురాలి దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆ తర్వాతే తీర్పు రాశారు. ఆ వ్యాజ్యం దారి చూపిన మీదట తమిళనాడు ప్రభుత్వం 2022 ఆగస్టులో పత్రికలు, అధికారులు వాడాల్సిన గౌరవప్రదమైన తమిళ పదాల పట్టికను గెజిట్‌లో అచ్చువేసింది. పదాలే కదా అనుకోవచ్చు. తెలుగు పత్రికలు ఇన్నేళ్లుగా ‘స్వలింగ సంపర్కులు’ అని రాశాయి. మేమూ రాశాం. ఒక మనిషి మొత్తాన్ని, వాడి చదువు, వాడి పాట, వాడి అమ్మ చేతి ముద్ద, వాడు మొదటిసారి ప్రేమలో పడి నిద్ర పట్టని రాత్రి, అన్నింటినీ తీసేసి ఒక శారీరక క్రియగా అచ్చువేశాం. పెళ్లయిన దంపతుల్ని ఏ వార్తలోనూ అలా పిలవలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు తన గురించి మొదటిసారి మా పేజీలో చదివినప్పుడు అతనికి దొరికింది ఆ మాటే. ఇందులో మా వంతు తప్పును మేం ఒప్పుకుంటున్నాం.

స్వలింగ జంటల వివాహ హక్కును గుర్తించేందుకు 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. ఆ వ్యాజ్యానికి పేరిచ్చిన జంట హైదరాబాద్ వాసులు. హైదరాబాద్‌లో స్వాభిమాన యాత్ర 2013లోనే మొదలైంది. రాజధానిలో ధైర్యం ఉంది, వ్యాజ్యం ఉంది, న్యాయవాది ఉన్నాడు. మధిర దాటి ఆ ధైర్యం ప్యాసింజరు రైల్లో రాలేదు. ఊళ్లకు వచ్చేది నాటకమే. శ్రీరామనవమి పందిరి కింద, సంక్రాంతి చలిలో, హార్మోనియం శ్రుతి పెట్టగానే పల్లె కూర్చుంటుంది. రాగం తీస్తే వన్స్‌మోర్ అంటుంది. నాటకం పాడితేనే మన గుండె కరుగుతుంది. సురభి వాళ్లు 1885 నుంచి ఆ సంగతి మీదే బతికారు. అందుకే పాటలున్న నాటకం కావాలంటున్నాం. షెఫీల్డ్ నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఉపన్యాసం వినని నాన్న పద్యం వింటాడు.

కాబట్టి బాధ్యులను పేరుపెట్టి పిలుస్తున్నాం. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకు, కళాశాల నాటికలకు విడి విభాగాలు పెట్టిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఈ ఇతివృత్తానికి ద్వారాలు తెరిచే ఉన్నాయని బహిరంగంగా చెప్పాలి. తెలంగాణ సంగీత నాటక అకాడమీ ఒక రచయితకు, ఒక సంగీత దర్శకుడికి ఏడాది గౌరవ వేతనమిచ్చి ఈ నాటకం రాయించాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల శాఖలు విద్యార్థులతో దాన్ని ఆడించాలి. గే యువకులు రచనలో, నటనలో, తాలీములో కూర్చోవాలి. వాళ్లు లేకుండా వాళ్ల కథ రాస్తే అది మళ్లీ మన కథే అవుతుంది. తొలి ప్రదర్శన హైదరాబాద్ రవీంద్రభారతిలో వద్దు. ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రంలో జరగాలి. రెండోది ఎర్రుపాలెంలో, టికెట్ లేకుండా, రెండు రాష్ట్రాల వాళ్లూ నడిచి రాగలిగిన చోట జరగాలి. బందోబస్తుకు వచ్చే పోలీసులకు జస్టిస్ నారిమన్ ఆదేశించిన పాఠం ఆ వారమే చెప్పాలి. ఎవరైనా గొడవ చేస్తే ప్రదర్శన ఆపకూడదు, గొడవనే ఆపాలి.

మా వంతుగా, ఈ పత్రికలో ఏ వార్తలోనూ, ఏ శీర్షికలోనూ ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట ఇక అచ్చు కాదు. నేటి సంచిక నుంచే డెస్కుకు ఆ ఆదేశం వెళ్లింది.